హోమ్ థియేటర్‌లో డబ్బు ముందు ఏ స్పీకర్ మీద పెట్టాలి?

మీ హాలు 12 అడుగులకు 16 అడుగులు, స్పీకర్ల వరకు 60 వేలు పెట్టగలరు, షాపులో పెద్ద టవర్లు (నేల మీద నిలబెట్టే పొడుగు స్పీకర్లు), పెద్ద సబ్‌వూఫర్ (బేస్ దడదడ కోసమే ఉండే పెట్టె) తీసుకోమంటున్నారు, ఏది ముఖ్యం అని కదా అడిగారు. నన్నడిగితే సెంటర్ స్పీకర్. టీవీ కింద అడ్డంగా పడుకుని, చూడ్డానికి అన్నింట్లోకీ చప్పగా ఉంటుందే, అది. ఒక్క సందర్భంలో మాత్రం అదీ అక్కర్లేదు, ఆ సంగతి కింద చెప్తాను.

మాది కడప. నేనైతే ఎవర్నీ అడక్కుండానే కొనేశాను. నడుమెత్తు టవర్లు రెండు, పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్, మిగిలిన చిల్లరతో ఒక బుడ్డ సెంటరు. మొదటి రోజు ఫైట్లకు కిటికీ రెక్కలు అదిరాయి. నాకు మహా సంతోషం. మరుసటి రోజు ఇంట్లోవాళ్ల కోసం మాటలెక్కువ ఉన్న సినిమా పెట్టాను. అవ్వ దివాను మీద ఓ పక్కగా కూర్చుని రెండు నిమిషాలకోసారి "ఏమంటాండాడు రా వాడు?" అంటుంది. సౌండు పెంచితే మాట వినబడుతుంది, అంతలో పాట వచ్చి ఇల్లు ఎగిరిపోతుంది. లోపల్నుంచి నాయన అరుస్తాడు. తగ్గిస్తే మళ్లీ అవ్వ. ఆ వారమంతా రిమోట్ నా చేతిలోంచి దిగలేదు.

5.1 అంటే ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. అలాంటి సినిమాలో మాటలు దాదాపుగా సెంటర్ లోంచే వస్తాయి. ఎడమ కుడి స్పీకర్లు పాటలు, తెర మీద అటూ ఇటూ కదిలే చప్పుళ్లు చూసుకుంటాయి. వెనక రెండూ వాన, గుంపు, గాలి లాంటివి. ఆ ".1" అనేది 120 హెర్ట్జ్ లోపు దడదడకు వేరుగా ఇచ్చిన ట్రాక్, అది సబ్‌వూఫర్ పని. అంటే సినిమాకు నోరు సెంటరే. ఆ నోటికి నేను చిల్లర పెట్టాను. సౌండు పెంచగానే అది గొంతు చించుకున్నట్టు వచ్చేది.

తప్పంతా స్పీకర్‌దే కాదు లెండి. దాన్ని టీవీ స్టాండు అరలో అడుగు లోపలికి నెట్టేశాను. కడవలో తల పెట్టి మాట్లాడినట్టు ఉండేది. అర అంచు దాకా ముందుకు లాగి, ముందువైపు కింద పాత హవాయి చెప్పు ముక్క కోసి పెట్టాను, మూతి కొంచెం పైకి లేచి మా చెవుల వైపు తిరిగింది. పైసా ఖర్చు లేకుండా సగం గొడవ తీరింది. ఇంకోటి, మా ఇంట్లో కింద అంతా బండలు, గోడలు ఖాళీ. మాట బండల మీద పడి లేచి దాని మీద అదే పడుతుంది. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి జంపఖానా పరిచాక మాటలు విడివిడిగా వినబడ్డాయి. మే నెలలో కూలర్ వేస్తే స, త, క లాంటి అక్షరాల్ని ఆ హోరు మింగేస్తుంది. అప్పుడు మొత్తం వాల్యూమ్ పెంచకండి. రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే పెట్టె) సెట్టింగ్స్‌లో సెంటర్ ఒక్కదాన్నే 3 డెసిబెల్స్ పెంచండి.

ఇప్పుడు ఆ సందర్భం. మీరొక్కరే, సరిగ్గా మధ్యలో కూర్చుని చూసేవాళ్లయితే సెంటర్ మానేసి మొత్తం ఎడమ కుడి జత మీద పెట్టండి. రెండు మంచి స్పీకర్లు సమానంగా వినిపిస్తే గొంతు నడిమధ్య తెరలోంచే వచ్చినట్టు ఉంటుంది. పక్కకు జరిగితే మాత్రం దగ్గరి స్పీకర్ శబ్దం ముందు చేరుతుంది, చెవి దాని వైపే లాగుతుంది. మన ఇళ్లలో మధ్యలో కూర్చునేది ఎవరు? అవ్వ దివాను మీద, పిల్లలు కింద, నాయన వాకిలి దగ్గర కుర్చీలో.

చివరికి టవర్లు నష్టానికి అమ్మి బుక్‌షెల్ఫ్ (చిన్న పెట్టె) స్పీకర్ల జత, అదే కంపెనీ అదే సిరీస్ సెంటర్ తీసుకున్నాను. ముందు మూడూ ఒకే సిరీస్ కాకపోతే తెర మీద కారు ఎడమ నుంచి కుడికి పోయేలోపు రెండుసార్లు గొంతు మారుతుంది. క్రాసోవర్, అంటే ఎక్కడి నుంచి కింది బేస్ సబ్‌వూఫర్‌కు పోవాలో చెప్పే సెట్టింగ్, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే కింది బేస్ సబ్‌వూఫరే మోస్తుంది, మీ హాలుకు టవర్లు దండగ.

సబ్‌వూఫర్‌ది రెండో స్థానం. సైజు కంటే చోటు ముఖ్యం. మూలన పెడితే గుయ్యిమంటుంది, ఇంకోచోట బేసే మాయమవుతుంది. దాన్ని తెచ్చి మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. ఎక్కడ బేస్ బిగువుగా, సమంగా వినిపిస్తే అక్కడే దాని చోటు. నేను అలా పాకుతుంటే అవ్వ "ఏం పోగొట్టుకున్నావు రా?" అని తనూ వంగి వెతికింది.

వెనక జత, అంటే సరౌండ్లు, చివర. పక్కన, కొంచెం వెనకగా, చెవుల కంటే కాస్త ఎత్తులో ఉంటే చవకవైనా పని జరుగుతుంది. ఆరు నెలలాగి కొన్నా నష్టం లేదు. మీ 60 వేలలో నేనైతే ముందు మూడింటికి 35, సబ్‌వూఫర్‌కు 16, మిగిలింది వెనక జతకు పెడతాను.

అన్నీ బిగించాక ఒకటి చూసుకోండి. సీరియళ్లు, యూట్యూబ్ ఎక్కువగా స్టీరియోలోనే, అంటే ఎడమ కుడి రెండు ట్రాకులతోనే వస్తాయి. రిసీవర్ కూడా స్టీరియో మోడ్‌లో ఉంటే సెంటర్ నుంచి చప్పుడే రాదు. డాల్బీ సరౌండ్ మోడ్‌కు మారిస్తే మాటలు మధ్యకు వస్తాయి. ఈ సంగతి తెలీక, కొత్త సెంటర్ పాడైందనుకుని రెండు రోజులు వైర్లు పీకి పెట్టి చూశాను, షాపాయనకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా.