చీనీ ధరల యాప్ మొదలుపెట్టే ముందు

చిరంజీవికి చిన్నాయన ఆశీస్సులు.

చీనీ (బత్తాయి) రైతుల కోసం యాప్ చేస్తానని నువ్వు రాసింది చదివి చాలా సంతోషపడ్డాను. అయితే నీ జాబులో తెరలెన్ని, రంగులేమిటి, పెట్టుబడి ఎవరిని అడగాలి అన్నవే ఉన్నాయి. రైతు దాంతో ఏం చేసుకుంటాడన్నది ఒక్క ముక్కా లేదు. అందుకే ఇంత రాస్తున్నా.

2008 జులైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు అందులో ఉన్నవి సుమారు 500 యాప్‌లు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పేపర్లో ఎక్కడ చూసినా ఏ కంపెనీ ఎంతకు అమ్ముడుపోయిందన్న వార్తే. 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొంటామని ఫేస్‌బుక్ ప్రకటించింది. అప్పటికి అందులో పనిచేసేది 13 మంది. కుర్రాళ్లంతా ఆ అంకెలే పట్టుకున్నారు గానీ, అసలు సంగతి అంతకు ముందుది. అది మొదట బర్బన్ అనే పేరుతో, ఎక్కడున్నామో చెప్పుకోవడం, పాయింట్లు, ఫోటోలు అన్నీ కుక్కిన యాప్. జనం ఫోటోలే ఎక్కువ వాడుతున్నారని చూసి మిగతావి పీకేశారు. వాట్సాప్ కూడా 2009లో స్టేటస్ చూపించడానికి పుట్టిందే. జనం దాన్ని మాటామంతీకి వాడుకుంటుంటే అటు మళ్లింది. పైగా నోకియా బటన్ ఫోన్లలోనూ పనిచేసేలా చేశారు. మన ఊళ్లలోకి అంత తొందరగా రావడానికి అదొక కారణం.

అప్పట్లో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. ఒపేరా మినీలో సెట్టింగు ఒకటి మారిస్తే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి, అలాగే కళ్లు చిట్లించుకుని చదివేవాళ్లం. తెలుగులో చదవాలన్న ఆత్రం అంత ఉండేది. నీ రైతుకు అలాంటి ఆత్రం దేని మీదుందో కనుక్కో.

ముందు అనంతపురం మార్కెట్ యార్డుకు పో. వేలం జరిగేటప్పుడు చీనీ కుప్పల దగ్గర రైతు పక్కన నిలబడు. టన్ను ఎంత పలికిందో అతనికి ఎవరో ఒకరు ఫోన్లో చెప్తూనే ఉంటారు. తేలనిదల్లా అందులో చేతికొచ్చేదెంతని. తూకంలో సూట్ అని కొంత బరువు తీసేస్తారు, కమీషన్, బాడుగ, కోత కూలీ పోతాయి. తోటకాడికొచ్చి బేరమాడే వ్యాపారికి ఇవ్వడం మేలా, యార్డుకు తోలుకుపోవడం మేలా అన్నది ఆ లెక్క మీదే ఉంది. పోయిన కోతలో అమ్మిన చీటీలు కొందరినడిగి చూడు. పేర్లొద్దు, అంకెలు రాసుకో. ఆ లెక్క ఒక్క తెరలో చేసి చూపించు, చాలు. మ్యాపులు, వీడియోలు ఇప్పుడు వద్దే వద్దు.

తయారయ్యాక పాత చవక ఫోన్లో వేసుకుని, సిగ్నలందని తోటలో మిట్టమధ్యాహ్నం ఎండకు పెట్టి చూడు. అంకెలు పెద్దగా కనపడాలి, నెట్ లేకపోయినా లెక్క తేలాలి. ధర పక్కనే అది ఏ రోజుదో తేదీ ఉండాలి. ఇది మాత్రం మరవద్దు నాయనా. నిన్నటి ధరను ఈరోజుదనుకుని కాయ కోయిస్తే రైతు మునుగుతాడు.

పెట్టుబడి మాట తర్వాత. ప్లే స్టోర్లో యాప్ పెట్టడానికి తెరిచే ఖాతాకు ఒక్కసారి కట్టే 25 డాలర్లు నేనిస్తా. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచేవాళ్లు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలని గూగుల్ నియమం. ఆ 12 మందిలో నీ హాస్టల్ స్నేహితులను పెట్టొద్దు, చీనీ తోటలున్నవాళ్లనే పెట్టు. నార్పల వైపు మనవాళ్లున్నారు, ఫోన్ చేసి చెప్తాను. కాయ కోతకు రాకముందే వాళ్లను కలువు.

మీ చిన్నాయన