బ్రూవరీకి రమ్మంటున్నారు, వెళ్లనా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి కొద్ది నెలలే అయింది. మా టీమ్ వాళ్లు అప్పుడప్పుడు శుక్రవారం సాయంత్రం దగ్గర్లోని బ్రూవరీకి వెళ్తుంటారు. ఈసారి నన్నూ రమ్మన్నారు. నాకు కింగ్‌ఫిషర్ తప్ప వేరే బీరు తెలీదు. మా రూమ్మేట్ అసలు తాగడు, అతన్ని కూడా తీసుకెళ్లొచ్చా? అక్కడ ఏం అడగాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: నిక్షేపంగా వెళ్లండి, మీ రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్లండి. బార్ అంటే మన మనసులో ఉండే బొమ్మ వేరు: చీకటి గది, మూసిన తలుపులు, ఇంట్లో చెప్పకుండా వెళ్లే చోటు. ఇక్కడి ట్యాప్‌రూమ్, అంటే బ్రూవరీలోనే బీరు పోసిచ్చే చోటు, అలా ఉండదు. చాలావరకు ఏ పాత గోడౌన్‌లోనో పెడతారు. ఒక పక్క బీరు పులిసే పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, ఇంకో పక్క పొడవాటి బల్లలు. వాటి చుట్టూ చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లిదండ్రులు, క్యారమ్ లాంటి ఆటలేవో ఆడుకునే కుర్రాళ్లు, బల్ల కింద పడుకున్న కుక్కలు. చాలాచోట్ల వంటగది ఉండదు, బయట ఫుడ్ ట్రక్ ఆగి ఉంటుంది. రాత్రి తొమ్మిది, పదింటికల్లా మూసేసేవే ఎక్కువ. జనం అక్కడికి మత్తు కోసం రారు, కబుర్ల కోసం, తమ ఊళ్లో తయారైన బీరు రుచి చూడ్డం కోసం వస్తారు. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతావన్నీ సులువే.

ఇది ఇలా ఎందుకు తయారైందో కొంచెం చెప్పాలి. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం. ఎత్తేశాక నిలదొక్కుకున్నవి ముఖ్యంగా పెద్ద కంపెనీలు. అవి చేసిందంతా దాదాపు ఒకే రకం, పల్చటి లాగర్, అంటే మీ కింగ్‌ఫిషర్ తరహా బీరు. 1970ల చివరికి దేశం మొత్తం మీద బ్రూవరీలు వంద కూడా లేవు. అంతకుముందే, 1965లో, ఫ్రిట్జ్ మేటాగ్ అనే కుర్రాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ బ్రూవరీని కొని నిలబెట్టాడు. నేవీలో పనిచేస్తూ స్కాట్లాండ్‌లో మంచి ఏల్‌లు (లాగర్ కంటే చిక్కటి రుచి ఉండే బీర్లు) రుచి చూసిన జాక్ మెకాలిఫ్, తిరిగొచ్చాక అవి ఇక్కడ దొరక్కపోయేసరికి 1976లో సోనోమాలో న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీ పెట్టాడు. పాల డెయిరీలు వదిలేసిన పాత సామాను తెచ్చి, తనే బిగించుకున్నాడు. అది ఆరేళ్లకే మూతపడింది. కానీ దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు చాలామంది.

అసలు మలుపు 1978లో వచ్చింది. ఇంట్లో వాడకానికి బీరు కాచుకోవడం నేరం కాదంటూ అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చేసిన చట్టం మీద అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతి. వంటింటి పొయ్యి మీద, కారు షెడ్డులో మొదలైన ఆ సరదాయే తర్వాత వ్యాపారమైంది. కాలిఫోర్నియాలోని చీకో అనే ఊళ్లో ఇంటి బీరుకు కావలసిన సరుకులమ్మే దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, స్నేహితుడితో కలిసి సియెరా నెవాడా పెట్టాడు. 1980లో మొదటి బీరు కాచారు. వాళ్ల పేల్ ఏల్ ఈరోజుకీ చాలా కిరాణాకొట్లలో దొరుకుతుంది. ఇప్పుడు దేశంలో బ్రూవరీలు తొమ్మిది వేలకు పైనే. మీరు కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు పోసేవాళ్లని "ఇది ఎవరు చేశారు, ఎలా చేశారు?" అని మొహమాటం లేకుండా అడగండి. వాళ్లలో చాలామంది అలా ఇంట్లో మొదలుపెట్టి వచ్చినవాళ్లే. గంటసేపైనా ఇష్టంగా చెబుతారు.

వీలైతే బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్ పువ్వు చూపించమని అడగండి, ఇది మాత్రం వదలొద్దు. పచ్చగా, పొరలు పొరలుగా, బొటనవేలంత ఉంటుంది. మధ్యకు చీలిస్తే రేకుల మొదట్లో పసుపుపచ్చని పొడి కనిపిస్తుంది. అరచేతుల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి. చేతులు జిగురు జిగురుగా అయి, పంపరపనస తొక్క ఒలిచిన వాసన వస్తుంది. అమెరికా బీరుకు ఆ ముద్ర తెచ్చింది క్యాస్కేడ్ అనే రకం, ఒరెగాన్‌లో ప్రభుత్వ పరిశోధనలో పుట్టి 1972లో రైతులకు అందింది. దేశంలో పండే హాప్స్‌లో చాలా భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలోనే పండుతుంది. హాప్స్‌ని ఎక్కువసేపు మరిగిస్తే చేదు దిగుతుంది. చివర్లోనో, చల్లారాకో వేస్తే వాసన మిగులుతుంది. హాప్స్ దండిగా వేసే ఐపీఏల (ఇండియా పేల్ ఏల్) మర్మమంతా ఇక్కడే ఉంది. వెస్ట్ కోస్ట్ ఐపీఏ తేటగా, చేదుగా ఉంటుంది. వెర్మాంట్ వైపు నుంచి వచ్చిన హేజీ ఐపీఏ మబ్బుగా, చేదు తక్కువగా, పండ్ల రసంలా అనిపిస్తుంది. సిట్రా రకం హాప్స్ వేసినదైతే మామిడిపండు వేశారేమో అనుకుంటారు. ఒక్క పండూ పడదు, అంతా పువ్వు మహిమే. ఐపీఏ పేరులో ఇండియా ఎందుకుందని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. కంపెనీ పాలన రోజుల్లో ఇంగ్లండ్ నుంచి మన రేవులకు హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్ పంపేవారని చెప్పండి, చాలు.

ఇక ఏం అడగాలంటే, ఫ్లైట్ అడగండి. చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు పెట్టి ఇస్తారు. ముందు పిల్స్‌నర్, అది కింగ్‌ఫిషర్‌కు దగ్గరి చుట్టం. తర్వాత పేల్ ఏల్, ఆ తర్వాత ఐపీఏ, చివర్న కాఫీ రంగు స్టౌట్. తేలికవి ముందు, ఘాటువి తర్వాత తాగితేనే రుచి తెలుస్తుంది. ఐపీఏ మొదటి గుక్కకు చాలామంది మనవాళ్లు మొహం చిట్లిస్తారు. నచ్చకపోతే నచ్చలేదనండి, ఎవరూ ఏమీ అనుకోరు. బిర్యానీతో, కారం పచ్చళ్లతో మాత్రం ఐపీఏ జోలికి పోవద్దు. ఆ చేదు కారాన్ని ఇంకా రేపుతుంది. గోధుమ బీరో, లాగరో తీసుకోండి.

బాగా గుర్తుపెట్టుకోవాల్సింది బోర్డు మీద పేరు పక్కన ఉండే ఏబీవీ అంకె, అంటే బీరులో మద్యం ఎంత శాతమో చెప్పేది. మనం సీసాలు లెక్కపెట్టడానికి అలవాటు పడ్డాం, ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. అమెరికాలో ఒక డ్రింకు అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు. 8 శాతం డబుల్ ఐపీఏ ఒక పింట్, అంటే 16 ఔన్సులు తాగితే అది రెండు డ్రింకుల పైమాటే. అయిదేసి ఔన్సుల నాలుగు గ్లాసుల ఫ్లైట్ సగటున 7 శాతమైతే, అదీ రెండు దాటుతుంది. హేజీ ఐపీఏ తియ్యగా జారిపోతుంది కాబట్టి లోపలికి ఎంత వెళ్లిందో తెలీదు.

అందుకే కారు తీయొద్దు. చట్టం ప్రకారం రక్తంలో 0.08 శాతం హద్దు, యూటాలో 0.05. ఆ హద్దు లోపలే ఉన్నా, బండి తడబడితే పోలీసు అరెస్టు చేయొచ్చు. మనకు ఇంకో పెద్ద చిక్కుంది. 2015 నుంచి, తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే కాన్సులేట్ వీసా రద్దు చేయొచ్చు. రద్దయింది పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంపే కాబట్టి వెంటనే ఉద్యోగం పోయినట్టు కాదు. కానీ ఇండియా వెళ్తే కొత్త స్టాంపు పడితే గానీ తిరిగి రాలేరు, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకోవాలి. అక్క పెళ్లికనో, నాన్నకు ఒంట్లో బాగాలేదనో వెళ్లి అక్కడే చిక్కుకుపోయే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఊబర్‌కు పాతిక డాలర్లు పోతే పోనీండి. అరెస్టు దాకా వస్తే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ప్రయాణం సంగతి తర్వాత.

మీ రూమ్మేట్ విషయం. ట్యాప్‌రూమ్‌లో తాగనివాళ్లు ఉండటం మామూలే. రూట్ బీర్ ఉంటుంది, పేరుకే బీరు, అందులో మద్యం ఉండదు. హాప్స్ వేసిన సోడా ఉంటుంది, అథ్లెటిక్ లాంటి మద్యం లేని బీర్లూ ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతాయి. ఆ చివరి వాటిలో నామమాత్రంగా అర శాతం దాకా ఉండొచ్చు, నియమం పెట్టుకున్నవాళ్లకి ఆ మాట ముందే చెప్పండి. అమెరికన్లు ఎందుకు తాగవని అడగరు. "ఒక్కటే కదా, మా కోసం" అని బలవంతపెట్టేది మనవాళ్లే. దయచేసి ఆ పని మీరు చేయొద్దు, మీ ముందు ఇంకొకరిని చేయనివ్వొద్దు.

చిన్న చిన్న సంగతులు: 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు చూపాలి. ఇక్కడి లైసెన్స్ ఇంకా రాకపోతే పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. ఎవరి కార్డు మీద వాళ్లు ట్యాబ్ (బిల్లు ఖాతా) తెరుస్తారు, బిల్లు కోసం పెనుగులాట అక్కర్లేదు. గ్లాసుకు ఒక డాలరో, మొత్తం మీద ఇరవై శాతమో టిప్ ఇవ్వండి.

ఒక మాట మాత్రం నా మనసులోంచి. చిన్న బ్రూవరీలకు ఇవి మంచి రోజులు కావు. 2024లో కొత్తగా తెరిచినవాటి కంటే మూసేసినవే ఎక్కువ. యాంకర్ కూడా 2023లో మూతపడింది. షికాగోలో పుట్టిన గూస్ ఐలాండ్ లాంటివి 2011 నుంచే పెద్ద కంపెనీల చేతుల్లోకి వెళ్లడం మొదలైంది. క్యాన్ మీద తలకిందులుగా ఉన్న సీసా గుర్తు కనిపిస్తే అది ఇంకా స్వతంత్ర బ్రూవరీ అని అర్థం. నేను దాన్ని చూసే కొంటాను, మిమ్మల్నీ అదే చేయమంటాను. మీ ఊరి బ్రూవరీలో మీరు పెట్టే పది డాలర్లు ఆ బల్ల అవతల నిలబడ్డ మనిషి జీతానికీ సాయపడతాయి.

ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే 32 ఔన్సుల క్రౌలర్‌లో, అంటే పెద్ద క్యాన్‌లో, అక్కడికక్కడే నింపి సీల్ వేసిస్తారు. దాన్ని కారు డిక్కీలో పెట్టండి, సీల్ తీసిన బీరు కారులో ఉండటం చాలా రాష్ట్రాల్లో నేరం. షాపులో క్యాన్ కొంటే అడుగున ముద్రించిన తేదీ చూడండి. ఐపీఏ కూడా చెట్టు దించిన కల్లు లాంటిదే, తాజాగా ఉంటేనే దాని రుచి. రెండు మూడు నెలలు దాటితే ఆ పంపరపనస వాసన పోయి అట్టముక్క రుచి వస్తుంది. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. స్టౌట్‌కు అంత తొందర లేదు.