ఉప్పెన తీరంలో ఇల్లు చూడబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న దీవించి వ్రాయునది.

జూలై సెలవుల్లో నువ్వూ అల్లుడుగారూ పిల్లవాడిని తీసుకుని ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో కెయిన్స్ నుంచి టౌన్స్‌విల్ దాకా కారులో వెళుతూ, దారిలో నచ్చిన ఊళ్ళో ఇల్లు చూసుకోవాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. బెజవాడలో రెండు గదుల వాటా అద్దెకు దొరికితే అదే పదివేలనుకున్న కుటుంబం మనది. మన ఇంటి ఆడపిల్ల పరాయి దేశంలో తన సంపాదనతో ఇల్లు కొనబోతున్నదంటే నాకు చాలా గర్వంగా ఉంది. కానీ అది సముద్రం కనిపించే ఇల్లే కావాలన్నావని విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు.

బ్రూస్ హైవే మీద ఆ దూరం సుమారు 350 కిలోమీటర్లు. చీకటి పడ్డాక బండి నడపవద్దు, వాలబీలు (చిన్న కంగారూల వంటి జంతువులు) అడ్డం వస్తాయి. మీకు శాశ్వత నివాసం వచ్చింది కనుక, పాత ఇళ్ళు కొనకుండా విదేశీయులకు 2025 ఏప్రిల్‌లో పెట్టిన నిషేధం మీకు వర్తించదు. కట్టడాన్నీ చెదలనూ తనిఖీ చేయించకుండా ఏ ఇల్లూ ఖాయం చేయవద్దు. వేలంలో పాడుకున్న ఇంటికి, మామూలు కొనుగోలుకు ఉన్నట్టు ఐదు పనిదినాల్లో వెనక్కు తగ్గే వెసులుబాటు ఉండదు, కాబట్టి వేలం జోలికి పోవద్దు.

ఇక నా భయం సంగతి. మీ తాతగారు దివిసీమలో కోడూరు వైపు ఇంటిస్థలం చూసింది నిండు వేసవిలో. నేల నెర్రెలు విచ్చి ఉంది, సముద్రపు గాలి హాయిగా వీస్తోంది, ధర చౌక. పక్కింటివారి పునాది నడుమెత్తు ఉండడం ఆయన చూశారు కానీ, అంత ఎత్తు ఎందుకు లేపారని అడగలేదు. డబ్బున్నవారి దర్జా అనుకుని, మన పెంకుటింటికి రెండు మెట్ల పునాదితో సరిపెట్టారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆ రెండు మెట్లు చూస్తుండగానే మునిగిపోయాయి. మీ నాయనమ్మ పదేళ్ళ మీ నాన్నను నడుముకు చీరకొంగుతో కట్టుకుంది, తాతగారూ నేనూ చెరోవైపు ఆమెను పట్టుకున్నాము, అలా పక్కింటి డాబా మెట్లు చేరాము. తెల్లవారి చూస్తే మన గోడలు లేవు. వాళ్ళ గోడ మీద బురద గీత కిటికీ కిందిదాకా వచ్చి ఆగింది. దివిసీమలో ఆ ఒక్క రాత్రి వేలమంది పోయారు, సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మనం బతికి బట్టకట్టింది పొరుగువారి పునాది వల్ల. ‘ఒక్క మాట అడిగి ఉంటే’ అని తాతగారు పోయేదాకా అంటూనే ఉన్నారు.

నువ్వు వెళుతున్న జూలై కూడా అక్కడ పొడి కాలమే. ఆ నెలలో మీ దారిలోని మిషన్ బీచ్ చూసినవారెవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. నేను టౌన్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 2011 ఫిబ్రవరి 3న అర్ధరాత్రి దాటాక, యాసి తుపాను ఆ మిషన్ బీచ్ దగ్గరే తీరం దాటింది. దక్షిణంగా ఉన్న కార్డ్‌వెల్‌లో సముద్రం ఆ వేళకు ఉండవలసిన మట్టం కంటే ఐదు మీటర్లకు పైగా లేచింది, అది నిండు పోటు వేళ కాకపోవడం ఆ ఊరి అదృష్టం. 1980ల తరువాత కట్టిన ఇళ్ళు కొత్త నిబంధనల వల్ల గాలికి బాగా నిలుస్తాయి కాబట్టి, కట్టిన సంవత్సరం తప్పక అడుగు. కానీ ఇంటిని ఎంత గట్టిగా బిగించినా, నీటిని ఏ బోల్టూ ఆపజాలదమ్మా. సముద్రానికి దూరమని నదిని మరిచిపోకు: 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వానలకు బారన్ నది కెయిన్స్ ఉత్తరపు పేటల్లో ఇళ్ళలోకి వచ్చింది.

అమ్మేవారు ఇప్పుడు చట్టప్రకారం ఇచ్చే వివరాల పత్రంలో వరదల చరిత్ర ఉండదు. కౌన్సిల్ (అక్కడి మునిసిపాలిటీ) వారి ఉప్పెన పటంలో ఆ వీధి ఏ రంగులో ఉందో నువ్వే చూసుకోవాలి. బీమా కంపెనీకి ఇంటి చిరునామా చెప్పి, ఏడాదికి ఎంత కట్టాలో ముందే కనుక్కో. ఆ మొత్తం వింటే కొన్ని ఇళ్ళ మీద ఆశ దానంతటదే పోతుంది.

కోప్పడుతున్నానని బాధపడకు తల్లీ. నీకు ఇష్టమైన చోటే కొను, నేను వచ్చి పాలు పొంగిస్తాను. అంతకుముందు, నచ్చిన ఇంటి పొరుగువారిని పలకరించి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడుగు, వాళ్ళు చూపించిన చోట గోడ మీద చేయి పెట్టి ఫొటో తీసి నాకు పంపించు. ఆ ఫొటో నేను చూసేదాకా సంతకం పెట్టవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న