ఏడుస్తూనే పచార్లు చేస్తున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. రెండేళ్ల కిందట నెల రోజులు నిద్ర లేకుండా తిరిగి, అప్పు చేసి రెండు మోటారు సైకిళ్లు కొన్నాడు. బైపోలార్ డిజార్డర్ (మితిమీరిన హుషారు అంటే ఉన్మాదం, కుంగుబాటు దశలు మారి మారి వచ్చే జబ్బు) అన్నారు. ఆరు నెలలు మందులు వాడి మానేశాడు. ఈ వేసవిలో దిగులుగా ఉంటే దగ్గర్లోని డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. మూడు వారాలుగా రాత్రంతా డాబా మీద పచార్లు చేస్తూ ఏడుస్తున్నాడు. అంతలోనే గడగడా మాట్లాడతాడు, చిన్న మాటకే కంచం విసిరేస్తాడు. ‘నేను పోతే మీకు హాయి’ అంటున్నాడు. దిగులున్నవాడు ఇంత హుషారుగా ఎలా తిరుగుతాడు, అంతా నటన అంటున్నారు మా పెదనాన్న. నిజమేనా?
— ఒక అక్క, తెనాలి

జవాబు: అమ్మా, ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేశాను. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఆ మాటలే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఇది నటన కాదు. మనసు నిండా దిగులు, ఒంటి నిండా ఆగని వేగం, రెండూ ఒకేసారి ఉండే దశ ఇది. మిశ్రమ స్థితి అంటాం. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899 నాటికే దీన్ని వర్ణించాడు. ఒకప్పుడు ఉన్మాదం, కుంగుబాటు లక్షణాలు రెండూ పూర్తిగా, కనీసం వారం పాటు ఉంటేనే ఈ పేరు పెట్టేవారు. 2013లో అమెరికా సైకియాట్రీ సంఘం ఆ నిబంధన సడలించింది. ఒక దశలో ఉన్నప్పుడు రెండో దశ లక్షణాలు మూడు కనిపించినా చాలు.

పేరు సంగతి అలా ఉంచండి. నన్ను భయపెట్టేది వేరు. బాగా కుంగిపోయిన మనిషికి ఒక్కోసారి మంచం దిగే ఓపిక కూడా ఉండదు. మీ తమ్ముడికి చావు ఆలోచనా ఉంది, దాని వెంట నడిపించే వేగమూ ఉంది. ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే దశల్లో ఇదొకటి. అతణ్ని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, వాడకుండా మిగిలిన పాత మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నా దగ్గరికి వచ్చిన చాలామంది, ఇంట్లో ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసినవాళ్లే.

బైపోలార్ ఉన్నవారికి వేరే మందు తోడు లేకుండా డిప్రెషన్ మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో జబ్బు ఇలా రేగుతుంది. అది మీ తప్పు కాదు. పాత జబ్బు సంగతి ఆ డాక్టరుకు తెలియకపోయి ఉండవచ్చు. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఆ అట్ట, పాత చీటీలు పట్టుకుని ఇవాళే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఈ వేగాన్ని అణిచే మందులు ఉన్నాయి. కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉంచుదామంటే కాదనకండి. ఈ జబ్బుకు వాడే లిథియం అనే మందు మొదలుపెడితే రక్తపరీక్షలు తప్పవు, ఉప్పూ నీళ్లూ ఒక్కసారిగా తగ్గించకూడదు. తెనాలి ఎండల్లో ఇది మరీ ముఖ్యం.

అర్ధరాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు మీ పెదనాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆయన్ను పక్కనే కూర్చోబెట్టండి.