ఇళ్ల సర్వేకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

అద్దె ఇళ్ల సర్వే పని నీకు అప్పగించారని, వచ్చే నెల నుంచి ఇల్లిల్లూ తిరగాలని రాశావు. ఏం అడగాలి, ఏం రాసుకోవాలి అని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నవాణ్ని, ఇది ఫోన్లో తేలే మాట కాదని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. దగ్గర పెట్టుకో.

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చూశాను. మొదటి ప్రశ్న ‘అద్దె ఎంత?’ అని ఉంది. దాని పక్కనే ‘అద్దె కట్టాక నెల గడవడానికి ఎంత మిగులుతుంది?’ అని చేర్చు. రాబడిలో 30 శాతం దాటితే అద్దె భారమైనట్టు లెక్క అని రాసుకున్నావు. ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్తాను. 1969లో అమెరికాలో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ, ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ల దగ్గర రాబడిలో 25 శాతానికి మించి అద్దె తీసుకోకూడదంది. 1981లో బడ్జెట్ కోతల్లో భాగంగా దాన్ని 30 చేశారు. పేదింట్లో ఎంత మిగిలితే బతుకు సాగుతుందో లెక్కగట్టి ఎవరూ ఆ మార్పు చేయలేదు. పది పాళ్లు సంపాదించే మనిషి మూడు పాళ్లు అద్దెకిస్తే మిగిలిన ఏడింటితో తిండి, బడి, మందులు, ప్రయాణం అన్నీ గడవాలి. వంద పాళ్లు సంపాదించేవాడు నలభై ఇచ్చినా అరవై మిగులుతాయి. నీ 30 శాతం గీత ప్రకారం మొదటివాడికి భారమే లేదు, రెండోవాడు భారం మోస్తున్నాడు! ఇంత తప్పు కొలత పట్టుకుని ఇళ్ల గడపలు ఎక్కకు.

తేడాలు పెరిగేది ఈ మిగులు దగ్గరే, అమ్మలూ. డబ్బు మిగిలినవాడు దాస్తాడు. దాచినది చూపించి బ్యాంకు అప్పు తెచ్చుకుంటాడు, ఇల్లు కొంటాడు. ఆ ఇంటి విలువ పెరిగితే దాన్నే తాకట్టుపెట్టి రెండో ఇల్లు కొంటాడు. ఆ రెండో ఇంట్లో అద్దెకు దిగేది ఏమీ మిగలనివాడు. వాడు కట్టే అద్దెతో వీడి వాయిదాలు తీరిపోతాయి. ఇరవై ఏళ్లయ్యాక ఒకరి పిల్లలకు రెండు ఇళ్లు, ఇంకొకరి పిల్లలకు మళ్లీ అద్దె గది వెతుక్కునే పని. ఇద్దరూ ఒకేలా కష్టపడి ఉండొచ్చు. మాథ్యూ రోగ్న్లీ అనే ఆర్థికవేత్త 2015లో సంపన్న దేశాల లెక్కలు విప్పి చూసి, జాతీయాదాయంలో పెట్టుబడిదారుల వాటా దీర్ఘకాలంలో పెరగడానికి ఇళ్ల మీద వచ్చే ఆదాయమే ముఖ్య కారణమని తేల్చాడు. ఫ్యాక్టరీలూ యంత్రాలూ అని మనం అనుకుంటాం గానీ, చాలా సంపద నాలుగు గోడల్లోనే, ఇంకా చెప్పాలంటే ఆ గోడల కింది నేలలో ఉంది.

ఇక తిరగడం గురించి. పగటిపూట వెళ్లకు. పనికి పోయినవాళ్లు ఇంట్లో దొరకరు, దొరికినవాళ్లతోనే నీ సర్వే నిండిపోతుంది. ఇంటి ఓనర్‌ని గానీ, అతని మనిషిని గానీ వెంట తీసుకెళ్లకు, దారి చూపిస్తామన్నా సరే వద్దను. గుమ్మంలో నిలబడి రాయకు. లోపలికి రమ్మంటే వెళ్లి కూర్చో, కాసేపు మామూలు మాటలు మాట్లాడు. ‘ఇల్లు బాగుందా?’ అని అడిగితే ‘బాగానే ఉందండీ’ అంటారు. ఆ జవాబుతో ఏమీ చేయలేవు. ఎంతమంది పడుకుంటారు, ఎవరు ఎప్పుడు పడుకుంటారు, నీళ్లెక్కణ్నుంచి మోస్తారు, మరుగుదొడ్డి ఎన్ని కుటుంబాలకు ఒకటి, ఐదేళ్లలో ఎన్ని ఇళ్లు మారారు, మారినప్పుడల్లా పిల్లల బడి మారిందా, ఇవి అడుగు. నేను ఒక గదిలోకి వెళ్తే పరుపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను, వెచ్చగా ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న అన్న అప్పుడే లేచి వెళ్లాడు, తమ్ముడు పని దిగి వచ్చి అదే పరుపు ఎక్కబోతున్నాడు. ఆ పరుపు చల్లబడే వేళే లేదు. నా కాగితంలో మాత్రం ‘ఒక గది, ఇద్దరు’ అనే ఉంది. అంతకుముందు అలాంటి వరసలు ఎన్ని రాసి దాటిపోయానో!

ఇంకో ఇల్లు నేను మర్చిపోలేను. గోడకు చెమ్మ. బిడ్డకు ఆయాసం. ఆ తల్లి ప్రతి నెలా ఒకటో తేదీన చెమ్మ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసేది. పదకొండు గీతలు. మొదటిది నేలకు జానెడు ఎత్తులో ఉంటే చివరిది ఆమె భుజం దాటింది. ఓనర్ ‘మీరు వంట చేసేటప్పుడు కిటికీ తియ్యరు, అందుకే’ అంటూ వచ్చాడు. ఆ గదికున్న కిటికీ మేకులు కొట్టేసి ఉంది, తీయడానికి రాదు. ఆ గోడ ఫొటో, మేకుల ఫొటో పక్కపక్కన పెట్టాకే అధికారులు ఆ ఇంటికి వచ్చారు. నేను రాసిన పేజీలకు పేజీలు చేయలేని పని ఆమె గీతలు చేశాయి. కాబట్టి నువ్వు వెళ్లిన ప్రతి ఇంట్లో, వాళ్లు తమంతట తాము దాచుకున్న రుజువులున్నాయేమో అడుగు. చీటీలు, రసీదులు, ఫోన్లో మెసేజీలు. రసీదు ఇవ్వరని చెబితే అదీ రాసుకో.

నా వల్ల జరిగిన తప్పు కూడా చెప్పాలి. మొదట్లో ఒక సర్వేలో అద్దెలు మాత్రమే కూడి, ఊరి అంచున ఇళ్లు చవకని, అక్కడ కట్టించి ఇస్తే సమస్య తీరుతుందని రాశాను. కట్టారు, జనాన్ని తరలించారు. ఏడాది తిరక్కుండా సగం ఇళ్లకు తాళాలు. పని ఇక్కడ, ఇల్లక్కడ. పోనూ రానూ నాలుగు గంటలు, తగ్గిన అద్దె దారి ఖర్చులకే సరి. జనం మళ్లీ పాత ఇరుకు గదులకే వచ్చారు. ఇదే సంగతి మెక్సికోలో దేశమంతటా జరిగింది. 2000 తర్వాత పట్టణాలకు దూరంగా లక్షల ఇళ్లు కట్టారు, 2010 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద 50 లక్షల దాకా ఇళ్లు ఖాళీగా తేలాయి. అందుకే ‘పనికి వెళ్లడానికి ఎంతసేపు, ఎంత ఖర్చు’ అన్న ప్రశ్నను అద్దె పక్కనే రాయి, వేరే పేజీకి తొయ్యకు.

పేర్ల విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. ఒకసారి మా జాబితా ఒక ఓనర్ చేతిలో పడింది. ఫిర్యాదు చెప్పిన మూడు కుటుంబాలను నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 1991లో తగిన ఇల్లంటే ఏమిటో ఏడు అంశాల్లో చెప్పింది. వాటిలో మొట్టమొదటిది, ఎప్పుడు వెళ్లగొడతారో అన్న భయం లేకుండా చట్టం అండతో ఉండగలగడం. ఆ అండ లేనివాళ్ల దగ్గరికే నువ్వు వెళ్తున్నావు. కాగితం మీద అంకె వెయ్యి, పేరు వెయ్యకు. పేర్ల పుస్తకం వేరేచోట తాళంలో ఉండాలి. ఇల్లు ఇప్పిస్తానని ఎవరికీ మాట ఇవ్వకు. నివేదిక పైవాళ్లకు పంపేముందు ఆ వీధివాళ్లకే చదివి వినిపించు.

నివేదిక చివర్లో పైవాళ్లను ఏం కోరాలి అన్నావు. ఇళ్లు ఎక్కువ కట్టాలి, నిజమే, కొరత ఉన్నచోట అద్దెలు దిగవు. కానీ ఎవరి నేల మీద, ఎవరి కోసం అన్నది కూడా రాయి. వియన్నా నగరం 1923లో ఇళ్ల మీద పన్ను వేసింది, పెద్ద ఇంటివాళ్ల మీద ఎక్కువ బరువు పడేలా. ఆ డబ్బుతో 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. నేటికీ సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లు నగరం చేతిలోనే ఉన్నాయి. మధ్యతరగతివాళ్లూ వాటిలో ఉంటారు, అందుకే వాటిని పాడుబెట్టే ధైర్యం ఎవరూ చేయరు. సింగపూర్‌లో 1961లో బుకిత్ హో స్వీ గుడిసెలు కాలి సుమారు 16 వేలమంది వీధిన పడితే, అంతకు ముందు ఏడాదే పెట్టిన గృహాభివృద్ధి బోర్డు అక్కడ ఫ్లాట్లు కట్టింది. ఇప్పుడు దేశవాసుల్లో దాదాపు 80 శాతం ఆ బోర్డు ఇళ్లలోనే ఉన్నారు. బ్రిటన్ ఎదురుదారి పట్టింది. 1980 చట్టంతో స్థానిక సంస్థల ఇళ్లను అందులో ఉన్నవాళ్లకే తగ్గింపు ధరకు అమ్మింది. కొన్న కుటుంబాలకు మేలే జరిగింది, వాళ్లను నేను తప్పుపట్టను. అయితే వచ్చిన డబ్బుతో మళ్లీ కట్టకుండా ఆ సంస్థల చేతులు కట్టేశారు. తర్వాతి తరానికి వరసలో నిలబడటమే మిగిలింది. అందుకని నీ నివేదికలో ప్రభుత్వ నేల అమ్మొద్దన్న మాట గట్టిగా ఉండాలి. నేల పోతే తిరిగి కొనడం ఎవరి తరమూ కాదు.

మొదటి పది ఇళ్ల కాగితాలు నింపాక ఆగి నాకు పంపు, ప్రశ్నలు సరిచేసుకుని ముందుకెళ్దువుగాని. సంచిలో పెన్సిళ్లు ఎక్కువ పెట్టుకో. చెమ్మ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటి ఇచ్చి, తేదీ వెయ్యడం మర్చిపోవద్దని చెప్పి రా.

మీ పెదనాన్న