ఎంటర్‌ప్రైజ్ మోడల్‌లో లైట్లు పెడితే బొమ్మలా ఎందుకు కనిపిస్తోంది?

మీరు అడిగింది మొదటి 'స్టార్ ట్రెక్' టీవీ సిరీస్‌లోని అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ 1/1000 స్కేల్ ప్లాస్టిక్ కిట్ గురించి. తెల్ల ఎల్‌ఈడీలు పెడితే సాసర్ (ముందుండే పళ్లెం లాంటి భాగం) ప్లాస్టిక్ మొత్తం వెలుగుతోంది, ఇంజిన్ల ముందు డోముల్లో వెలుగు తిరుగుతున్నట్టు రావట్లేదు, ఫొటోలో కిటికీలు తెల్ల మచ్చలైపోతున్నాయి. ఇంకా ప్రకాశమైన ఎల్‌ఈడీలు ఏవని అడుగుతున్నారు. వద్దండీ. మీ దగ్గర ఉన్న వెలుతురే ఎక్కువ, దాన్ని సగానికి పైగా తగ్గించాలి.

కారణం ఓడ డిజైన్‌లోనే ఉంది. 1964లో దీన్ని గీసిన మ్యాట్ జెఫ్రీస్ ఓడ బయటి ఉపరితలాన్ని కావాలనే నున్నగా ఉంచాడు. రిపేర్లన్నీ లోపలి నుంచే జరుగుతాయని ఆయన లెక్క. ఇంజిన్లు చాలా శక్తిమంతమైనవి కాబట్టి మనుషులకు దూరంగా పైలాన్ల (సన్నటి కాళ్ల) మీద పెట్టాడు. పైన పైపులూ పెట్టెలూ ఏవీ లేనప్పుడు ఓడ ఎంత పెద్దదో కంటికి చెప్పేవి చిన్న చిన్న కిటికీలే. అవి కణకణలాడుతుంటే 289 మీటర్ల ఓడ 29 సెంటీమీటర్ల ప్లాస్టిక్‌గానే కనిపిస్తుంది. షూటింగ్‌కి వాడిన పదకొండు అడుగుల మోడల్‌కి మొదటి పైలట్ (నమూనా) ఎపిసోడ్‌లో అసలు లైట్లే లేవు, తర్వాత పెట్టారు. వైర్లు ఎడమ పక్క నుంచి బయటికి తీయడంతో ఎక్కువగా కుడి పక్క నుంచే చిత్రీకరించారు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. 2016లో బాగుచేసినప్పుడు లోపల ఎల్‌ఈడీలు అమర్చారు.

ముందు వెలుతురు కారడం ఆపండి. కిట్‌లోని పల్చటి స్టైరీన్ ప్లాస్టిక్ వెలుతురుని ఆపలేదు, తెల్ల పెయింటూ ఆపలేదు. లోపలి వైపు నల్ల అక్రిలిక్ రెండు కోటింగులు, ఆరాక దాని మీద తెలుపు ఒక కోటింగ్ వేయండి. నలుపు వెలుతురుని అడ్డుకుంటుంది, తెలుపు దాన్ని లోపలే చెదరగొట్టి అన్ని కిటికీలకీ పంచుతుంది. గదంతా చీకటి చేసి, ఫోన్ టార్చ్ లోపల పెట్టి చూడండి. ఎక్కడ చుక్క కనబడితే అక్కడ ఇంకో పూత. అతుకుల దగ్గర పెయింట్ ఒక్కటే చాలదు, అంచు వెంబడి లోపల 1 మి.మీ. మందం స్టైరీన్ పట్టీ అంటించి రెండో సగం దాని మీద కూర్చునేలా చేయండి. కొందరు అల్యూమినియం టేప్ వాడతారు. పని చేస్తుంది గానీ, ఎల్‌ఈడీ కాళ్లు దానికి తగిలితే షార్ట్ అవుతుంది, కాబట్టి పైన కరెంటుని ఆపే కాప్టాన్ టేప్ వేయాల్సిందే. కోస్తాలో ఉంటే వానాకాలంలో లాకర్ రకం పెయింట్ స్ప్రే జోలికి పోకండి, గాలిలో తేమకి పైపూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది.

కిటికీలకి 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ తీసుకోండి. ఆ రోజుల్లో ఉన్నవి ఫిలమెంట్ బల్బులు, నీలం కొట్టే తెలుపు ఈ ఓడకి నప్పదు. 12 వోల్టుల అడాప్టర్ మీద మూడేసి ఎల్‌ఈడీలు సిరీస్‌లో కలపండి. ఒక్కోదానికి 3.1 వోల్టుల చొప్పున 9.3 పోతే 2.7 మిగులుతుంది. 5 మిల్లీయాంప్‌కి 560 ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది. అప్పటికీ ఎక్కువనిపిస్తే 1.5 కిలో ఓమ్ దాకా పెంచుకోవచ్చు. ఒకే రెసిస్టర్‌కి ఎల్‌ఈడీలన్నీ ప్యారలల్‌గా తగిలించొద్దు. వాటి వోల్టేజీల్లో ఉండే చిన్న తేడాల వల్ల ఒకటి ఎక్కువ కరెంటు లాగేసి మిగతావి మసకబారతాయి. ఎల్‌ఈడీని కిటికీ వైపు తిప్పకండి, ఎదురు గోడకి చూపించండి. దాని నెత్తిని 400 నంబర్ ఎమెరీతో రుద్దితే మధ్యలో మెరిసే చుక్క పోతుంది.

ఈ స్కేల్‌లో కిటికీ అంటే 0.5 మి.మీ. రంధ్రమే. సూదితో గుంట పెట్టి, పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్)లో 0.5 బిట్ పెట్టి, నిటారుగా తిప్పండి. కాస్త పక్కకి ఒరిగినా బిట్ విరుగుతుంది. అందులో 0.5 మి.మీ. ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్ దూర్చి ఫెవికాల్‌తో నిలపండి. సూపర్ గ్లూ వాడితే ఫైబర్ పెళుసై వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది, ఆ ఆవిరికి పారదర్శక భాగాలూ మసకబారతాయి. 3 మి.మీ. ఎల్‌ఈడీ ముందు ఇరవై ఫైబర్ల దాకా ఒక కట్టగా పెట్టొచ్చు. కట్టని చిన్న గొట్టంలో దూర్చండి. హీట్ ష్రింక్ స్లీవ్ వాడితే దాన్ని ముడిచే వేడికే ఫైబర్ కూడా మెత్తబడి ముడుచుకుపోతుంది. పెయింటింగ్ అయ్యేదాకా బయట 5 మి.మీ. వదిలి, చివర్లో కొత్త బ్లేడుతో ఉపరితలానికి సమంగా కోయండి. అన్ని కిటికీలూ వెలిగించొద్దు. మూడో వంతు చీకటిగా వదిలేస్తేనే లోపల మనుషులున్నారనిపిస్తుంది.

అసలు అందం డోముల్లో ఉంది. అప్పటి మోడల్‌లో మోటారు తిప్పే రెక్కల వెనక రంగురంగుల చిన్న బల్బులు మినుకుమినుకుమంటుండేవి. మీ కిట్‌లో మోటారుకి చోటు లేదు. సుమారు 1 సెం.మీ. బిళ్ల మీద 0805 అనే చిన్న సైజు పసుపు ఎల్‌ఈడీలు ఐదు, 72 డిగ్రీలకొకటి చొప్పున అంటించి, మధ్యలో ఒక ఎరుపు పెట్టండి. ఎరుపు 1 కిలో ఓమ్ మీద ఎప్పుడూ మసకగా వెలుగుతూ ఉండాలి. ఐదింటినీ ఏటీటైనీ85 అనే చిన్న ప్రోగ్రామబుల్ చిప్‌లోని ఐదు పిన్నులకి 470 ఓమ్‌ల చొప్పున కలపండి. 5 వోల్టుల మీద ఒక్కోటి 6 మిల్లీయాంప్ తీసుకుంటుంది. ఒకటి ఆరాక ఇంకొకటి వెలిగితే పెళ్లి పందిరి సీరియల్ సెట్‌లా ఉంటుంది. మీకు జరుగుతున్నది ఇదే. ఒకటి నిండుగా ఉన్నప్పుడు అటూ ఇటూ ఉన్నవి సగం, మిగతావి పదో వంతు వెలగాలి, ఏదీ పూర్తిగా ఆరకూడదు. వేగం సెకనుకి ఒకటి, ఒకటిన్నర చుట్లు. పారదర్శక డోమ్‌ని లోపలి వైపు ఎమెరీతో గరుకు చేసి, టామియా ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్ పల్చగా పూయండి. డోమ్‌కీ ఎల్‌ఈడీలకీ మధ్య 4, 5 మి.మీ. ఖాళీ లేకపోతే ఐదు చుక్కలు ఐదుగానే కనిపిస్తాయి.

చిప్‌ని నాసెల్ (ఇంజిన్ గొట్టం)లోనే పెట్టేస్తే సన్నటి పైలాన్ గుండా రెండే తీగలు పోతాయి. పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, లేకపోతే చిప్ మధ్యమధ్య రీసెట్ అవుతుంది. ప్రోగ్రామ్ సరిచూసుకున్నాకే నాసెల్ మూయండి. తీగ 0.2 మి.మీ. ఎనామిల్ రాగి. చివర్ల ఎనామిల్ బాగా గీకకపోతే టంకం అంటుకున్నట్టే ఉంటుంది, కరెంటు పోదు. టంకం పనంతా మోడల్ బయటే చేయండి, స్టైరీన్ వేడికి వెంటనే కరుగుతుంది. 12 నుంచి 5 వోల్టులకి దించే 7805 రెగ్యులేటర్ స్టాండ్ అడుగున ఉండాలి, అది వేడెక్కుతుంది. ఇవన్నీ హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

సాసర్ అంచుల్లో ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ. వాటిని ఆర్పి వెలిగించడానికి 555 టైమర్ ఐసీ చాలు. 10 కిలో, 68 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ పెడితే దాదాపు సెకనుకోసారి కొట్టుకుంటుంది.

ఇక ఫొటో. 1987లో మొదలైన తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్ 'నెక్స్ట్ జనరేషన్'లో ఓడ మీద పడే వెలుతురునీ, ఓడ సొంత లైట్లనీ విడివిడిగా షూట్ చేసి తర్వాత కలిపేవారు. మీరూ అదే చేయండి. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండాలి. ఒక పక్క నుంచి ఒకే దీపంతో, లోపలి లైట్లు ఆర్పి ఒక ఫొటో తీయండి. తర్వాత గది చీకటి చేసి లోపలి లైట్లతో ఇంకొకటి, కిటికీల రంగు నిలిచేంత తక్కువ ఎక్స్‌పోజర్‌లో. ఎడిటింగ్‌లో రెండోదాన్ని మొదటిదాని మీద 'స్క్రీన్' అనే బ్లెండ్ మోడ్‌లో వేయండి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ రెండింటినీ ముందే లాక్ చేయండి. ఆటోలో వదిలితే రెండో ఫొటోలో కిటికీల పసుపుని కెమెరా తెలుపు చేసేస్తుంది.