సోఫా కోసం పిల్లి గోళ్లు తీయించాలా?

ప్రశ్న: మా బుజ్జికి నాలుగేళ్లు. దసరాకు కొన్న సోఫా చేతులను గోళ్లతో పీకి పోగులు చేసింది. అమెరికాలో ఆపరేషన్ చేసి గోళ్లు తీసేస్తారని మా ఆడపడుచు చెప్పింది. మావారేమో "గోళ్లయినా పోవాలి, పిల్లయినా పోవాలి" అంటున్నారు. ఇంత పెద్ద పిల్లికి చేయించవచ్చా, డాక్టర్ గారూ?
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: వద్దమ్మా. ఏ వయసు పిల్లికైనా వద్దు, పెద్దదానికైతే అసలే వద్దు. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచే పెరుగుతుంది. మళ్లీ రాకూడదంటే ఆ ఎముకనే తీసేయాలి. ముందు కాళ్లకే పది వేళ్లు, పది కోతలు! తర్వాత కొన్ని పిల్లులు నొప్పికి ఇసుక ట్రేలో కాలు పెట్టవు, పరుపు మీద పోసేస్తాయి. కరవడం మొదలుపెట్టేవీ ఉన్నాయి. వైద్య అవసరం ఉంటే తప్ప ఇది చేయకూడదని న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే నిషేధించింది. మీ ఆడపడుచుకు ఆ సంగతి చెప్పండి.

బుజ్జికి మీ సోఫా మీద కక్షేమీ లేదు. గోటి పాత పొర ఊడడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, తన వాసన వదలడానికి గీకుతుంది. ఆ పని మాన్పించలేం, చోటు మాత్రం మార్చగలం.

బేగంబజార్‌లో జనపనార తాడు కొని ఒక దుంగకు బిగించి చుట్టించండి. వెనక కాళ్ల మీద నిలబడి సాగినా సరిపోయేలా మూడడుగులైనా ఉండాలి. అడుగున బరువైన పలక కొట్టించండి, ఊగిందంటే పిల్లి మళ్లీ దాని దగ్గరికి రాదు. చాలామంది దాన్ని తీసుకెళ్లి బాల్కనీ మూలన పెట్టి, "మా పిల్లి ముట్టట్లేదండీ" అంటారు. ఎందుకు ముడుతుంది? పీకిన సోఫా చేతి పక్కనే పెట్టండి. ఆ చేతికి రెండువైపులా అంటుకునే టేప్ వేయండి, జిగురు తగిలితే పిల్లులకు చిరాకు. దుంగను గీకిన వెంటనే ఇష్టమైన తిండి ఓ ముక్క పెట్టండి. కొట్టడం, అరవడం వద్దు.

రెండు మూడు వారాలకోసారి గోటి కొనలు కత్తిరించండి. నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టుకుని, ఒక పూటకు రెండు వేళ్లు చేసినా చాలు. లోపలి గులాబీ రంగు భాగం తెగితే రక్తం వస్తుంది, దాని జోలికి పోవద్దు. టెన్షన్‌గా ఉంటే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో అడిగి నేర్చుకోండి. గోళ్లకు అతికించే తొడుగులూ దొరుకుతాయి కానీ, గోరు పెరిగేకొద్దీ ఊడుతూనే ఉంటాయి. నాకంత నచ్చవు.

సోఫాకు కొత్త బట్ట వేయించడం మాత్రం బుజ్జి దుంగకు అలవాటు పడ్డాకే. ముందే వేయిస్తే ఖర్చు రెండుసార్లు.